ఒడ్డున అనకూడని మాట

రాజయ్యపేట ఒడ్డున ‘డిస్ట్రెస్’ అనే మాటని ఒక్కరి చేత కూడా పలికించలేకపోయాను. అర్జెన్సీ అన్నారు, సేఫ్టీ అయితే పాటలాగా అన్నారు, మొదటి మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ నోళ్లు మూసుకుని సముద్రం వైపు చూశారు.

నా పేరు ఇందు. చదువంతా విశాఖపట్నంలో, ఇంగ్లీషు మీడియం, డిగ్రీలో కూడా ఇంగ్లీషే, మాటలంటే పిచ్చి. ఎమర్జెన్సీ వేరు, క్రైసిస్ వేరు అని హాస్టల్ మెస్సులో అన్నం చల్లారిపోయేదాకా వాదించేదాన్ని. ఎమర్జెన్సీ అంటే ఇప్పుడే నెత్తిమీద పడింది, ఇప్పుడే ఏదో ఒకటి చెయ్యాలి. క్రైసిస్ అంటే చాన్నాళ్లుగా ముదిరి ముదిరి అటో ఇటో తేలిపోయే చోటికి వచ్చింది. అర్జెంట్ అంటే తొందర, అంతే, ప్రాణం మీదికి రానక్కర్లేదు. డిస్ట్రెస్ అంటే ప్రాణం మీదికి వచ్చేసింది, మన చేతుల్లో ఇంకేమీ లేదు, ఎవరో ఒకరు రావాల్సిందే. ఇలాంటి పిచ్చికి ఎవరైనా ఉద్యోగం ఇస్తారని నేను కల్లో కూడా అనుకోలేదు, కానీ ఇచ్చారు. మా సంస్థ చిన్నది, చేపల వేటకెళ్లే ఫైబర్ బోట్లకి చేతిలో పట్టుకునే రేడియో సెట్లు ఇస్తుంది, ఒడ్డు మీద ఒక రేకుల షెడ్డులో పెద్ద సెట్టు పెడుతుంది, దగ్గర్లో కొండ మీద టవర్ ఉంది కాబట్టి విశాఖ కంట్రోల్, అంటే కోస్ట్ గార్డ్ వాళ్లు కూడా అదే సెట్లో పలుకుతారు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్ వెనక సందులో గది తీసుకున్నాను, పొద్దున్నే నక్కపల్లి బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో. నా పని మూడంటే మూడు మాటలు నేర్పడం. డిస్ట్రెస్ మొదటిది, అర్జెన్సీ రెండోది, సేఫ్టీ మూడోది, చెప్పేటప్పుడు మాత్రం చివర్నుంచి మొదలుపెట్టేదాన్ని.

సేఫ్టీ అంటే, మాకేం కాలేదు, గాలి లేస్తోంది, మీరు జాగ్రత్త. అర్జెన్సీ అంటే, కష్టంలో ఉన్నాం, సాయం కావాలి, కానీ ప్రాణాలకి ఇంకా భయం లేదు. ఆ మాట వింటే దగ్గర్లో ఉన్న బోటు వీలు చూసుకుని వెళ్తుంది. డిస్ట్రెస్ అంటే ప్రాణాలు పోయేలా ఉన్నాయి, ఉన్నపళంగా రండి. అది వింటే ఓడలు దారి మళ్లుతాయి, హెలికాప్టర్ లేస్తుంది, సముద్రంలో మిగతా మాటలన్నీ ఆగిపోతాయి. ఇంత శక్తి ఉన్న మాట ఇంకోటి ఏ భాషలో ఉందో చెప్పండి అని వలలు బాగు చేసుకుంటున్న వాళ్ల మధ్య నిలబడి చేతులు ఊపుకుంటూ చెప్పాను.

అప్పుడే నెత్తిమీద చేపల తట్టతో అటుగా వెళ్తున్న కొండతల్లి ఆగింది. ఆమె భర్త సింహాచలం, తమ్ముడు అయ్యప్ప ఒకే బోటులో వేటకెళ్తారు, ఇద్దరూ నా క్లాసులో ముందు వరసే.

“పాపా, ఆ మాటకి అర్దం ఏటన్నావు?” అని అడిగింది.

మళ్లీ చెప్పాను, ఇంకా బాగా చెప్పాను. ఆమె తట్ట దించింది.

“మరి దాన్ని ఇక్కడెందుకంటన్నావు? గంగమ్మ ఇంటాది. మీ ఇంటికెల్లి తలుపేసుకుని అనుకో.”

సముద్రానికి ఇంగ్లీషు రాదక్కా అన్నాను నవ్వుతూ. దానికి సింహాచలం వల మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

“గంగమ్మకి రాని బాస లేదు పాపా. ఓడలోల్లు ఏ బాసలో మొక్కినా ఇంటాది గదా. మొక్కింది ఇన్నపుడు ఇది మాత్రం ఇనదేటి?”

అందరూ నవ్వారు గానీ ఎవరూ ఆ మాట అనలేదు. నేను కూడా మరీ పట్నం దాన్నేం కాదు, మా అమ్మమ్మ బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనేది, దీపం ఆరిపోతే కొండెక్కింది అనేది, వెళ్తాను అంటే కసిరి వెళ్లొస్తాను అనిపించేది. ఇక్కడ అదే పద్ధతి, ఇంకా గట్టిగా. వేటలో ఉండగా బోటులోకి నీళ్లొస్తే నీళ్లొచ్చాయి అనరు, బోటు బరువైంది అంటారు. వేటకెళ్లిన మనిషి తిరిగి రాకపోతే పోయాడు అనరు, ఇంకా రాలేదు అంటారు. షెడ్డులో సెట్టు చూసుకునే పోతన్న తమ్ముడు నేను పుట్టకముందు నుంచీ ఇంకా రాలేదు. పోతన్నకేమో ఎడమచెయ్యి తాడులో నలిగిపోయి వేళ్లు ముడుచుకోవు, అందుకే వేట మానేసి సెట్టు దగ్గర కూర్చున్నాడు. ఊళ్లో సగం మందికి ఆయన మామే, నాక్కూడా మామే అయిపోయాడు.

సేఫ్టీ మీద మాత్రం మనసు పడ్డారు. అది మంచి మాట, ఎన్నిసార్లన్నా ఏం కాదు. నేను గాలి గురించి, కొట్టుకొచ్చే దుంగల గురించి హెచ్చరించడానికి నేర్పితే వాళ్లు దాన్ని ఇంటికొస్తున్నాం అనడానికి వాడుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఒక్కో బోటు నుంచీ సేఫ్టీ సేఫ్టీ సేఫ్టీ అని మూడుసార్లు పలికేది, షెడ్డు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు తట్టలు సర్దుకుని లేచేవారు. అయ్యప్ప అయితే సేఫ్టీ అనేసి, అక్కకి సెప్పు మామా, పులుసులో ఉప్పు తగ్గించమను, మొన్న సముద్రమే తాగినట్టున్నాది అనేవాడు. కొండతల్లి షెడ్డు గుమ్మంలోంచి తిట్టేది, ఆ తిట్లు అటువైపు వినపడేలా పోతన్న బటన్ నొక్కి పట్టుకునేవాడు. వాడకం తప్పే, కానీ సెట్టు చేతిలోకి తీసుకుంటున్నారు కదా, అదే పదివేలు, మొదటి మాట నెమ్మదిగా వస్తుందిలే అనుకున్నాను.

రాలేదు. వర్షాలు వెనకబడ్డ రోజుల్లో ఒక శనివారం, అల్పపీడనం కదిలిందని కబురొచ్చింది. పోతన్న పొద్దున్నుంచీ సెట్లో పిలుస్తూనే ఉన్నాడు, వల ఎత్తీసి వచ్చీయండి అని. బోట్లు ఒక్కొక్కటే వచ్చాయి, మగవాళ్లంతా కలిసి వాటిని ఇసక మీదికి బాగా పైకి లాగేశారు. అప్పటికి అలలు ఒడ్డుని కొడుతుంటే షెడ్డు రేకులు అదురుతున్నాయి. సింహాచలం బోటు ఒక్కటే రాలేదు. కొండతల్లి ఉప్మాక గుడికెళ్లి అప్పుడే వచ్చింది, కొంగున తులసి ముడేసుకుని ఉంది. గుమ్మంలో నిలబడింది, లోపలికి రాదు, బయటికి పోదు.

సెట్టు పలికింది.

“సేఫ్టీ, సేఫ్టీ, సేఫ్టీ.”

సింహాచలం గొంతే. అందరం ఊపిరి వదిలాం, నేనైతే నవ్వేశాను కూడా. కొండతల్లి తులసి ముడి మీద చెయ్యి వేసింది. తర్వాత కాసేపు గరగరమంది సెట్టు, ఆ గరగరలోంచే మళ్లీ ఆయన, కూడు వండమని చెప్పినంత మామూలుగా, “మామా, బోటు బరువైనాది. ఇంజను పలకట్లేదు. అయ్యప్ప తోడతన్నాడు. కొండతల్లికి సెప్పకు.”

పోతన్న ఎక్కడున్నారని అడిగాడు. పొద్దున్న వల వేసిన చోటికి తూర్పుగా, ఒడ్డు కనపడటం లేదన్నాడు. ఇంతలో విశాఖ కంట్రోల్ పలికింది. సేఫ్టీ అన్న పిలుపు వాళ్లకీ వినిపించింది, అదేం హెచ్చరిక అని ఇంగ్లీషులో అడుగుతున్నారు. తర్వాత పోతన్న సింహాచలంతో మాట్లాడిన తీరులోనే ఏదో పట్టుకున్నట్టున్నారు, నెమ్మదిగా, స్పష్టంగా, రెండోసారి అడిగారు. అర్జెన్సీయా, డిస్ట్రెస్సా, చెప్పండి.

పోతన్న మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ దించేశాడు. ఆయనకి ఆ మాట తెలుసు, నా క్లాసులన్నిటికీ ఉన్నాడు, మూడు మాటలూ ఎవరికన్నా బాగా ఆయనకే తెలుసు. బోటు బరువైంది అంటే ఏంటో ఆ షెడ్డులో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు.

“మామా, అనకు,” అంది కొండతల్లి. లోపలికి వచ్చేసింది. ఆమె అరవలేదు, ఏడవలేదు, బేరం ఆడుతున్నట్టు నా వైపు తిరిగింది. “పాపా, నువ్వు సెప్పు. రెండోది అనమను. రెండోది సాలదేటి? అదీ సాయమే అన్నావు గదా. సాయానికి రమ్మను, అంతే. మొదటిది వద్దు.”

రెండోది అంటే దగ్గర్లో ఉన్న బోటు వీలు చూసుకుని వెళ్తుంది. సముద్రంలో ఇంకో బోటు లేదు, అన్నీ మా కళ్లముందే ఇసకలో ఉన్నాయి, ఆ అలల్లోకి వాటిని మళ్లీ దింపే మనిషి లేడు. రెండోది అంటే ఇంకా టైముంది అని చెప్పడం. డిక్షనరీలో రెండూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి, ఒకదానికి అర్థం చూస్తే ఇంకోటి కనిపిస్తుంది, పరీక్షలో ఒకటి బదులు ఇంకోటి రాసినా సగం మార్కులు వేస్తారు. నేను పోతన్న చేతిలోంచి మైకు తీసుకున్నాను. లాక్కోవాల్సిన పని పడలేదు, ఎవరో వచ్చి తీసుకుంటారని ఎదురుచూస్తున్నట్టే పట్టుకున్నాడు. బటన్ నొక్కి డిస్ట్రెస్, డిస్ట్రెస్, డిస్ట్రెస్ అని మూడుసార్లు అన్నాను. గొంతు ఎక్కడా తడబడలేదు.

కొండతల్లి రెండు చేతులతో చెవులు మూసుకుంది. షెడ్డు బయట ఎవరో గంగమ్మ తల్లీ అన్నారు.

నేను నేర్పినట్టే జరిగింది అంతా. కంట్రోల్ వాళ్లు టకటకా ప్రశ్నలడిగారు, చెప్పాను, ఎందరున్నారు, బోటు రంగేంటి, చివరగా ఎక్కడన్నారు. ఓడకి చెప్పారు, హెలికాప్టర్ బయల్దేరుతోంది అన్నారు. వాళ్లు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. ఆ ప్రశ్నల మధ్యలో ఒక ఖాళీ వచ్చింది, అందులోకి సింహాచలం గొంతు వచ్చింది. ఆయన చేతిలో సెట్టు కూడా అదే మాట విన్నది కదా, అది నాకు తట్టనే లేదు.

“ఎవరన్నారది?” అన్నాడు.

పోతన్న మైకు లాక్కుని, ఒరే సింహాచలం, ఒరే అని పిలిచాడు. చాలాసేపు పిలిచాడు. ఆ సెట్టు మళ్లీ పలకలేదు.

హెలికాప్టర్ మా నెత్తి మీదుగానే వెళ్లింది, పిల్లలు కూడా చేతులు ఊపలేదు. పొద్దు వాలేలోపు బోటు దొరికిందని చెప్పారు, తిరగబడి ఉంది. మనుషులు కనిపించలేదు.

నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది, నా దగ్గర జవాబులున్నాయి, బోలెడు ఉన్నాయి. టీ ఇచ్చారు, కూర్చోమని తట్ట బోర్లించి వేశారు, కానీ ఎవరూ నా పక్కన కూర్చోలేదు. సింహాచలం తమ్ముడు చిన్నబాబు ఒక్కడే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అతనికి నా వయసే ఉంటుంది, క్లాసులో రేడియో విప్పి చూపించమని వెంటపడేవాడు.

“సేఫ్టీ అన్నప్పుడు మాటాడేడు గదా,” అన్నాడు. “బరువైనాది అన్నప్పుడూ మాటాడేడు. నువ్వది అన్నాక ఆగిపోనాడు. అవునా కాదా?”

అవును. జరిగింది సరిగ్గా అదే వరసలో జరిగింది. ముందు జరిగింది కారణం, తర్వాత జరిగింది ఫలితం అనుకోకూడదు అని నాకు చెప్పడం వచ్చు, దానికి లాటిన్లో కూడా ఒక పేరుంది, అయినా నేను చల్లారిన టీ తాగేసి గ్లాసు ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. గాలి తగ్గింది. కంట్రోల్ నుంచి కబురు అప్పుడప్పుడూ వస్తోంది, ఈ మూల చూశాం, ఆ మూల చూస్తున్నాం అని. ముందురోజంతా ఆ గొంతు ‘రెస్క్యూ’ అనే అన్నది, రెస్క్యూ టీం, రెస్క్యూ ఆపరేషన్. ఆ పొద్దున ‘సెర్చ్’ అంటోంది. ఎవరూ ఏమీ ప్రకటించలేదు, గొంతులో మర్యాద కూడా తగ్గలేదు, మాట ఒక్కటే మారింది. రెస్క్యూ చెయ్యాలంటే మనిషి బతికుండాలి, సెర్చ్‌కి అక్కర్లేదు. షెడ్డులో అంతమంది ఉన్నారు, అది నా ఒక్కదానికే వినిపించింది, ఆ కాసేపూ నా చదువంతా తీసుకెళ్లి ఆ సముద్రంలోనే పారేద్దామనిపించింది.

అప్పుడు కొండతల్లి వచ్చింది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులతో వచ్చింది. రాత్రంతా ఏదో లెక్క తేల్చుకున్న మనిషిలా ఉంది.

“పాపా, నువ్వన్నావు గదా. నువ్వే ఎనక్కి తీసుకో.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె సెట్టు చూపించింది.

“ఇందులోంచే అన్నావు, ఇందులోంచే గంగమ్మ ఇన్నాది. ఇందులోంచే ఎనక్కి తీసుకో. తీసుకోడానికీ మాట ఉంటాది గదా మీ ఇంగ్లీసులో. మాకు నేర్పనేదు గాని ఉంటాది.”

ఉంది. డిస్ట్రెస్ క్యాన్సిల్. ఆపద తీరిపోయింది, ఎవరి దారిన వాళ్లు వెళ్లండి అని. ఆ మాట సెట్లో పలికితే ఓడ వెనక్కి తిరుగుతుంది, హెలికాప్టర్ దిగిపోతుంది, ఆ సెర్చ్ కూడా ఉండదు. అది చెప్పాను ఆమెకి, చేతులు పట్టుకుని చెప్పాను, అక్కా, వెనక్కి తీసుకుంటే వెతకడం ఆపేస్తారు అని. ఆమె నన్ను జాలిగా చూసింది.

“ఎతకడం ఎందుకే? నువ్వు ఎనక్కి తీసుకుంటే ఆల్లే వత్తారు.”

గుమ్మం నిండా జనం. ఎవరూ ఆమెని వారించలేదు. పోతన్న నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. ఆయన సెట్టు పక్కకి వంగాడు, ఏదో సర్దుతున్నట్టు బల్ల కిందికి బాగున్న చెయ్యి పెట్టాడు, బ్యాటరీ తీగ ఊడదీశాడు. సెట్టు మీద ఆకుపచ్చ లైటు ఆరిపోయింది. దాని మీద తన పాడైన అరచెయ్యి కప్పి, రెండో చేత్తో మైకు నాకు అందించాడు.

“అనమ్మా,” అన్నాడు.

అన్నాను. మూడుసార్లన్నావు కాబట్టి మూడుసార్లు తీసుకోమంది కొండతల్లి, మూడుసార్లూ తీసుకున్నాను, బటన్ నొక్కి, ఉచ్చారణ తప్పకుండా, ఎక్కడికీ వెళ్లని గొంతుతో. ఆమె ప్రతిసారీ తల ఊపింది. అయ్యాక కొంగు ముడి విప్పి, వాడిపోయిన ఉప్మాక తులసిలోంచి ఒక దళం నా చేతిలో పెట్టింది. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించింది. ఉప్పు తక్కువేసి పులుసు పెట్టిందని తర్వాత ఎవరో చెప్పారు. ఆ సంగతి చెప్పినవాళ్లు నా మొహం చూడలేదు.

సెర్చ్ కొన్నాళ్లు సాగింది, తర్వాత ఆగింది. కంట్రోల్ వాళ్లు ఇప్పుడు ‘మిస్సింగ్’ అంటున్నారు. ఇంతకన్నా నెమ్మదైన మాట నేను చదివిన పుస్తకాల్లో లేదు, ఇంతకన్నా ఖాళీ మాట కూడా లేదు.

మనుషులు దొరకనప్పుడు దర్భలతో బొమ్మలు చేసి వాటికి జరపాల్సినవన్నీ జరుపుతారు. కొండతల్లి అత్తవారి వైపు పెద్దలొచ్చారు, చిన్నబాబు దర్భలు తెచ్చాడు. నన్ను కూడా రమ్మన్నారు, ఎందుకో వెళ్లేదాకా తెలియలేదు. కొండతల్లి గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది, గాజులు మోచేతులదాకా వేసుకుంది.

“ఆ గెడ్డి బయట పారెయ్యండి,” అంది. “మాట ఎనక్కి తీసీసుకున్నాది గదా ఈ పాప. ఈ పాపనే అడగండి.”

అందరూ నా వైపు తిరిగారు. పోతన్న కూడా ఉన్నాడు వాళ్లలో, వేళ్లు ముడుచుకోని చేతిని తడుముకుంటున్నాడు. చిన్నబాబు చేతుల్లో దర్భల కట్ట ఉంది. అక్కడ ఏ మాట అంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. లేదు, తీగ ఊడదీసి ఉంది, ఏ మాటా ఎక్కడికీ వెళ్లలేదు అంటే, మొదటి మాట ఇంకా సముద్రంలోనే ఉందని ఆమె అనుకుంటుంది, ఆ మాటే వాళ్లని తినేసిందనుకుంటుంది, అది అన్న నోరు నాది. తీసుకున్నాను అంటే ఆ గుమ్మంలోంచి ఆమె ఇక లేవదు.

“తీసుకున్నాను,” అన్నాను.

“మరైతే ఏరి?” అన్నాడు చిన్నబాబు. నన్నే అడిగాడు.

“ఇంకా రానేదు,” అంది కొండతల్లి. ఆ మాటకి ఆ ఊళ్లో ఉన్న అర్థం వేరు, అక్కడున్న ఆడవాళ్లందరూ తలలు దించుకున్నారు, ఒకరిద్దరు కళ్లు ఒత్తుకున్నారు కూడా. ఆమె మాత్రం ఇంకా రాలేదు, వస్తారు అన్న అర్థంలోనే అన్నది.

మా సంస్థ వాళ్లు ఇంకో ఊరికి మారమన్నారు, నేనింకా మారలేదు. క్లాసులు లేవు. వేట మళ్లీ మొదలైంది, వేట ఎక్కడాగుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి బోట్లు తిరిగొస్తూ ఒక్కొక్కటే పలుకుతాయి, సేఫ్టీ, సేఫ్టీ, సేఫ్టీ. పలికిన ప్రతిసారీ కొండతల్లి ఇంట్లోంచి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడుతుంది, ఎవరి గొంతో విని వెనక్కి వెళ్తుంది, ఇంకోటి పలికితే మళ్లీ వస్తుంది. పోతన్న సెట్టు సౌండు తగ్గించి చూశాడు. ఆమె ఇంకొంచెం దగ్గరికొచ్చి నిలబడింది, అంతే.